కణాలకు ఛార్జి మెమో

శాస్త్రానికి పెద్దంతరం చిన్నంతరం లేదని బడిలో చదువుకుని, అది నిజమని నమ్మి, పరిశోధనా కేంద్రాల్లో ఉద్యోగాలకు వచ్చేవాళ్ళు కొందరుంటారు. అది వాళ్ళ ఖర్మ. డాక్టర్ వకుళ కూడా అలాగే వచ్చింది. విశాఖపట్నానికి కాస్త ఎడంగా, కొండవాలు మీద, సముద్రపు గాలికి కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టిపోయిన ప్రాంతీయ గ్రాహక పరిశోధనా కేంద్రంలో ఆమె సైంటిస్ట్-బి. అంతకంటే కింద సైంటిస్ట్-ఎ అని ఒక పోస్టు ఉంది గాని, అందులో ఎవరూ లేరు. కాబట్టి కేంద్రంలో ఎవరికి కోపం వచ్చినా అది దొర్లుకుంటూ వచ్చి వకుళ దగ్గర ఆగేది.

ఆ కేంద్రం చేసే పని చెప్పడానికి కష్టంగాని, అర్థం చేసుకోవడానికి సులువే. మన ఒంట్లోని ప్రతి కణం గోడ మీదా కాలింగ్ బెల్లుల్లాంటివి ఉంటాయి. వాటినే గ్రాహకాలంటారు. మందు వెళ్ళి ఆ బెల్లు కొడితే లోపల కణం పని మొదలుపెడుతుంది. ఊపిరితిత్తుల గొట్టాల్లో ఒక రకం బెల్లు కొడితే గొట్టాలు సడలి ఊపిరి ఆడుతుంది. ఉబ్బసం మందులు చేసేది అదే. అయితే అన్ని మందులూ బెల్లు కొట్టవు. కొన్ని బెల్లు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటాయి. అవి కొట్టవు, ఇంకొకరిని కొట్టనివ్వవు. ఏ మందు కొడుతుందో, ఏ మందు అడ్డం కూర్చుంటుందో తేల్చడమే కేంద్రం పని. మూడు దశాబ్దాలుగా తేలుస్తూనే ఉన్నారు.

అలాంటి చోటికి ఒక రోజు రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ప్రతి పరిశోధనా సంస్థా మెషిన్ లెర్నింగ్ పద్ధతిని అవలంబించవలెననీ, అవలంబించని సంస్థల ఉనికిని పునఃపరిశీలించవలసి వచ్చుననీ దాని సారాంశం. మొదటి ముక్క ఎవరికీ అర్థం కాలేదు. రెండో ముక్క అందరికీ అర్థమైంది.

కేంద్రం మొత్తం మీద ఆ సర్క్యులర్ చూసి సంతోషించిన మనిషి వకుళ ఒక్కతే. ఎందుకంటే ఆమె అప్పటికే సొంతంగా అలాంటి ప్రోగ్రాం ఒకటి రాసుకుంటూ ఉంది. వేల మందుల ఆకారాలూ, అవి కణాల మీద ఏం చేశాయో ఆ ఫలితాలూ దానికి చూపిస్తే, వాటిలోంచి అది తన పాఠం తను నేర్చుకుంటుంది. తర్వాత కొత్త మందు ఆకారం చూపిస్తే, ఇది బెల్లు కొడుతుందనో, అడ్డం కూర్చుంటుందనో నూటికి ఇంతని అంచనా చెబుతుంది. ఆ అంచనా సరైనదో కాదో కణాల మీద పరీక్షించి చూసుకోవాలి. అది నిజంగా మంచి పనిముట్టు. ఆ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగినదాంట్లో దాని తప్పు ఏమీ లేదు.

డైరెక్టర్ డాక్టర్ భీమేశ్వరరావు గారు ప్రోగ్రాంకి ‘గ్రాహక మిత్ర’ అని పేరు పెట్టి, కంప్యూటర్‌కి పసుపుకుంకాలు పెట్టించి, దానికి పాఠాలు చెప్పడానికి ఒక ఉన్నతస్థాయి కమిటీ వేశారు.

కమిటీ ముందుకొచ్చిన మొదటి సమస్య ఇది. కేంద్రంలో ఒకే మందుని ఏళ్ళ తరబడి పలువురు పరీక్షించారు. ఒకరు కొడుతుందన్నారు, ఇంకొకరు అడ్డం కూర్చుందన్నారు. మరి యంత్రానికి ఏది నేర్పాలి?

“మళ్ళీ పరీక్ష చేద్దామండీ. నాలుగుసార్లు చేస్తే ఏది నిజమో కణాలే చెబుతాయి,” అంది వకుళ.

అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ సన్యాసిరావు గారు ఆమె వైపు జాలిగా చూశారు. ఆయన శాస్త్రవేత్త కారు. అందువల్ల కేంద్రంలో ఆయనకి తెలియని శాస్త్రం లేదు.

“మేడమ్, మళ్ళీ పరీక్ష అంటే, పైఅధికారి సంతకం చేసిన ఫలితాన్ని కిందిస్థాయిలో సమీక్షించడం. రూల్స్‌లో దానికి ప్రొవిజన్ లేదు,” అన్నారు.

“ఫలితం ఇచ్చింది కణాలు కదండీ, ఆఫీసర్లు కాదు కదా.”

“సంతకం ఎవరిది మేడమ్?”

కణాలు సంతకం చేయవు మరి.

సన్యాసిరావు గారు పరిష్కారం కూడా తయారుగానే తెచ్చారు. సర్వీసు రూల్స్ ప్రకారం అనుభవానికి వెయిటేజీ ఉంటుంది. ఫలితాలకు మాత్రం ఎందుకు ఉండకూడదు? కమిటీ టీ తాగి తీర్మానించింది. డైరెక్టర్ గారు చూసిన ఫలితం ఒక్కటీ యాభై ఫలితాల పెట్టు. జాయింట్ డైరెక్టర్ గారిది ముప్ఫై. అలా మెట్లు దిగుతూ దిగుతూ వచ్చి, సైంటిస్ట్-బి చూసినది ఒకటి. కేంద్రం బయటివారు, ఇంతకంటే పెద్ద హోదాలో ఉన్నవారు ఎవరైనా ప్రయోగాన్ని స్వయంగా వీక్షిస్తే వారి హోదాని బట్టి పై వెయిటేజీ. యంత్రానికి ఈ లెక్క ఎక్కించమని వకుళకి ఉత్తర్వు ఇచ్చారు. ఆమె రెండు రోజులు ఎక్కించలేదు. మూడో రోజు, ఉత్తర్వు ధిక్కరించినందుకు ప్రోగ్రాంని వేరొకరికి అప్పగిస్తామన్నారు. వేరొకరి చేతిలో పడితే అది బతకదని ఆమెకి తెలుసు. కళ్ళు మూసుకుని ఎక్కించేసింది.

గ్రాహక మిత్ర చాలా తెలివైన యంత్రం. కణాల గురించి నేర్చుకోవడం కష్టమనీ, ఈ కేంద్రంలో డైరెక్టర్ గారి గురించి నేర్చుకుంటే సరిపోతుందనీ ఒక్క పూటలో గ్రహించింది. ఆ విషయం గ్రహించడానికి మనుషులకి సగం సర్వీసు పడుతుంది.

అది చెప్పిన మొట్టమొదటి శుభవార్త భీమెరాన్ గురించి. భీమెరాన్ అంటే డైరెక్టర్ గారు పడుచు వయసులో పీహెచ్‌డీ కోసం తయారుచేసిన పదార్థం. దాన్ని ఆయన పరీక్షించింది ఒక్కసారే. ఆ పరీక్ష కూడా మధ్యలో కరెంటు పోయి ఆగిపోయింది గాని, ఫలితం మాత్రం బాగా వచ్చిందని రాశారు. ఇప్పుడు యంత్రం దాని ఆకారం చూసి, ఇది ఊపిరితిత్తుల బెల్లుని దివ్యంగా కొడుతుందని నూటికి తొంభై తొమ్మిది పాళ్ళ పైచిలుకు నమ్మకంతో తేల్చింది.

డైరెక్టర్ గారి కళ్ళు చెమర్చాయి. “ముప్ఫై ఏళ్ళు లోకం గుర్తించలేదు. చివరికి యంత్రం గుర్తించింది,” అన్నారు. ఉబ్బసానికి భీమెరాన్‌ని మించిన మందు లేదని అదే రోజు పత్రికలవాళ్ళకి చెప్పారు.

వకుళ లాబ్‌కి వెళ్ళి తలుపు వేసుకుని కణాల మీద భీమెరాన్ వేసి చూసింది. ఆమె పెంచే కణాల్లో బెల్లు మోగితే పచ్చటి వెలుగు వచ్చే ఏర్పాటు ఉంది. వెలుగు రాలేదు. మామూలు ఉబ్బసం మందు వేస్తే చక్కగా వెలిగింది. ముందు భీమెరాన్ వేసి, దాని మీద మామూలు మందు వేసింది. అప్పుడూ చీకటే. అంటే భీమెరాన్ బెల్లు కొట్టదు సరికదా, దాని మీద చెయ్యి అడ్డం పెట్టి మామూలు మందుని కూడా కొట్టనివ్వదు. ఉబ్బసం మనిషి దాన్ని పీలిస్తే ఊపిరి గొట్టాలు బిగుస్తాయి. ఆ తర్వాత ఆస్పత్రికి పరిగెత్తినా అక్కడి మందు పనిచేయదు. వకుళ మూడుసార్లు చేసి చూసి, వివరంగా రిపోర్టు రాసి పైకి పంపింది.

పైనుంచి మెమో వచ్చింది.

“మీ పర్యవేక్షణలోనున్న కణములు యంత్రము యొక్క అంచనాకు విరుద్ధముగా ప్రవర్తించినట్లు మా దృష్టికి వచ్చినది. మీ అజమాయిషీలో ఇట్టి క్రమశిక్షణా రాహిత్యము ఏల జరిగినదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలసినది.”

వకుళ జవాబు రాసింది. కణాలు ఎవరి అజమాయిషీలోనూ ఉండవని, వాటికి యంత్రం ఏమన్నదో తెలియదని, తెలిసినా లక్ష్యపెట్టవని రాసింది. ఆ జవాబు చదివి సన్యాసిరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అంటే కంట్రోల్ చేయలేకపోతున్నానని మేడమే ఒప్పుకున్నారు సార్. అలాంటప్పుడు డైరెక్టుగా కణాల మీదే చర్య తీసుకోవాలి. ప్రొసీజర్ ప్రకారం ఛార్జి మెమో ఇద్దాం.”

ఇచ్చారు. మెమో అందుకున్నట్టు కణాలు సంతకం చేయలేదు కాబట్టి, ఇద్దరు సాక్షుల సమక్షంలో దాన్ని, కణాల్ని పెంచే ఇన్‌క్యుబేటర్ తలుపుకి అతికించారు. గడువు దాటినా జవాబు రాలేదు. జాయింట్ డైరెక్టర్ గారిని విచారణాధికారిగా వేశారు. ఆయన లాబ్‌కి వచ్చి, మైక్రోస్కోపులోకి తొంగి చూసి, తన కనురెప్పల వెంట్రుకలే కనబడగా వాటిని చాలాసేపు పరిశీలించారు.

“ఈ కణాలది ఏ ఊరు?” అని అడిగారు.

“ఎప్పుడో ఒక విదేశీ రోగి నుంచి తీసినవండీ. అప్పట్నుంచీ ప్రపంచంలో అన్ని లాబ్‌ల్లోనూ పెంచుతున్నారు,” అంది వకుళ.

విచారణాధికారి సన్యాసిరావు గారి వైపు చూశారు. సన్యాసిరావు గారు విచారణాధికారి వైపు చూశారు. ఇద్దరికీ కేసు తేలిపోయింది.

“నాన్-లోకల్ సార్,” అన్నారు సన్యాసిరావు గారు. “నాలుగో తరగతి నించి పది దాకా ఇక్కడ చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు లేవు. మన ప్రాంతపు మందు గురించి సాక్ష్యం చెప్పడానికి వీటికి అర్హత లేదు.”

అర్హత గల కణాల కోసం వకుళ పెద్దాస్పత్రికి వెళ్ళింది. గాజువాకలో పుట్టి పెరిగిన ఒకాయనకి ఊపిరితిత్తుల ఆపరేషన్ చేసినప్పుడు తీసిన ముక్కని, ఆయన అనుమతితో తీసుకొచ్చింది. ఆయన రేషన్ కార్డు నకలు కూడా ఫైల్లో పెట్టింది. గాజువాక కణాలు అచ్చమైన లోకల్ కణాలు. వాటి మీద భీమెరాన్ వేస్తే అవీ వెలగలేదు.

“విదేశీ కణాలంటే సరే, తెలియక చేశాయి. సొంతగడ్డ కణాలు కూడా ఇలా ఎదురు తిరిగితే ఇక సంస్థ ప్రతిష్ఠ ఏం కాను?” అని డైరెక్టర్ గారు నొచ్చుకున్నారు. ఆయన బాధ నిజమైనదే. సాయంత్రానికల్లా రెండు రకాల కణాలనీ సస్పెండ్ చేస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి సగం జీతం ఇస్తారు గనక, ఆ కణాలకి రోజూ పోసే పోషక ద్రవం కూడా సగమే పోయాలన్నారు. పర్యవేక్షణకి సన్యాసిరావు గారి ఆఫీసు నుంచి ఒక గుమస్తాని పెట్టారు.

అర్ధాకలితో కణాలు నీరసించిపోయాయి. భీమెరాన్ వేసినా ఉలుకూ పలుకూ లేదు, మామూలు మందు వేసినా లేదు, అసలు ఏం వేసినా లేదు. విచారణాధికారి తుది నివేదిక రాశారు: కణములు తమ అభ్యంతరమును ఉపసంహరించుకున్నవి.

“అభ్యంతరం లేకపోవడం వేరు, అంగీకారం వేరు కదండీ,” అంది వకుళ ఆఖరి ప్రయత్నంగా.

“మౌనం అర్ధాంగీకారం అన్నారు మేడమ్. నాన్-లోకల్ కణాలది ఒక అర్ధం, లోకల్ కణాలది ఇంకో అర్ధం. కలిపితే పూర్ణాంగీకారం,” అన్నారు సన్యాసిరావు గారు. ఆయన ఆ మాట నవ్వుతూ అనలేదు.

ఆ పూర్ణాంగీకారం ఆధారంగా భీమెరాన్‌ని మనుషుల మీద ప్రయోగించడానికి నైతిక విలువల కమిటీ అనుమతి ఇచ్చింది. ఆ కమిటీలో అందరూ నిష్కళంకులే. అందరూ డైరెక్టర్ గారికి జూనియర్లు కూడా.

ఇంతవరకూ వకుళకి విసుగూ, కోపమే. భయం వేసింది మాత్రం నూకరాజు మాట విన్నాకే.

నూకరాజు కేంద్రం జీపు డ్రైవర్. పన్నెండేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉన్నాడు. ఉబ్బసం మనిషి, చలిగాలి వీస్తే ఛాతీలో పిల్లి అరిచినట్టు అరుస్తుంది. అతని మందు కేంద్రం డిస్పెన్సరీలోనే ఇస్తారు. ఒక సాయంత్రం వకుళని బస్టాపు దగ్గర దింపుతూ చల్లగా చెప్పాడు.

“అమ్మగారూ, నాను పేరిచ్చీసినాను.”

“దేనికి?”

“కొత్త మందుకి. మొదట పీల్చినోలికి ఉజ్జోగం పర్మినెంటు సేసేస్తామని ఏఓ గారు సెప్పినారు. నా పేరే ముందరుంది.”

“నూకరాజు గారూ, ఆ మందు పీల్చొద్దు. అది ఊపిరి ఆపేస్తుంది. నేను పరీక్ష చేసి చూశాను.”

నూకరాజు అద్దంలోంచి ఆమెని చూశాడు. ఆమె మీద అతనికి గౌరవమే. కాని గౌరవం వేరు, పర్మినెంటు వేరు.

“అంత పెద్ద మిసను బాగుందన్నాది కదమ్మా. మీరు సేసిన మిసనే కదేటి? మా యింటిది దేవుడికి మొక్కుకుని కూకుంది. పన్నెండేళ్ళకి దారి దొరికింది. ఇప్పుడొద్దంటే నాకిస్తారేటి మళ్ళీ?”

వకుళ మర్నాడు తిన్నగా డైరెక్టర్ గారి గదికి వెళ్ళి, మనిషి చచ్చిపోతాడండీ అని చెప్పేసింది. ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించారు.

“చూడమ్మా వకుళా, గ్రాహక మిత్ర ఎవరి బిడ్డ? నీ బిడ్డ. కన్నతల్లివి నువ్వే నమ్మకపోతే లోకం ఎలా నమ్ముతుంది?”

“దానికి తప్పు పాఠం చెప్పామండీ.”

“పాఠం చెప్పింది నేను,” అన్నారు డైరెక్టర్ గారు ఇంకా మెత్తగా. ఆ సంభాషణ అక్కడితో సరి.

వకుళ వరండాలో నిలబడి చాలాసేపు ఆలోచించింది. నిజం తన పక్షాన ఉంది. ఆ నిజం వెయిటేజీ ఒకటి. దాన్ని వెయ్యిసార్లు నిరూపించినా వెయ్యి రిపోర్టులవుతాయే తప్ప ఒక్క నూకరాజు బతకడు. ఈ ఇంట్లో పై అరలో ఉన్నది అందాలంటే బల్ల వేసుకోవాలి. డైరెక్టర్ గారికంటే పెద్ద హోదా మనిషి ఎవరైనా ఆ చీకటిని కళ్ళారా చూస్తే చాలు. ఆలోచన వచ్చాక ఆమెకి తన మీద తనకే కాస్త అసహ్యం వేసింది. అయినా వెనక్కి తగ్గలేదు.

మళ్ళీ డైరెక్టర్ గారి గదికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది.

“పొరపాటు నాదేనండీ. మానవ ప్రయోగం ప్రారంభోత్సవానికి ప్రిన్సిపల్ సెక్రటరీ గారు వస్తున్నారు కదా. రిబ్బన్ కత్తిరించే ముందు కణాల మీద భీమెరాన్‌ని వారే స్వయంగా వీక్షిస్తే, వారి హోదా వెయిటేజీకి ఆ తక్కువైన ఒక్క పాలు కూడా నిండిపోతుంది. నూటికి నూరూ వస్తుందండీ.”

డైరెక్టర్ గారి ముఖం విప్పారింది. నూటికి నూరు ఆయనకి బడిలో కూడా రాలేదు.

“మరి కణాలు సస్పెన్షన్‌లో ఉన్నాయి గదా,” అన్నారు సన్యాసిరావు గారు.

దానికీ వకుళ సిద్ధమయ్యే వచ్చింది. “మేము తెలియక చేసిన అపరాధమును మన్నించి, విధులలోనికి తీసుకొనిన యెడల ఇకమీదట విధేయముగా మెలగగలము” అని కణాల తరఫున క్షమాపణ అర్జీ పెట్టింది. సన్యాసిరావు గారు ఆ అర్జీని రెండుసార్లు చదివి, భాష బాగుందన్నారు. కణాలని తిరిగి విధుల్లోకి తీసుకుని పూర్తి పోషణ పునరుద్ధరించారు. నీరసించిన కాలానికి బకాయి ద్రవం ఇవ్వాలా వద్దా అన్నది ఆడిట్ అభ్యంతరానికి లోబడి ఉంచారు.

ప్రారంభోత్సవం రోజున నూకరాజు కొత్త చొక్కా వేసుకుని, పెళ్ళాన్ని కూడా తీసుకొచ్చి, షామియానాలో ముందు వరుసలో కూర్చోబెట్టాడు. బల్ల మీద వెండిపళ్ళెంలో, బంతిపూల మధ్య భీమెరాన్ పీల్చే పరికరం పెట్టి ఉంది. లాబ్‌లో దీపాలు ఆర్పారు. వకుళ మూడు వరుసలు సిద్ధం చేసింది. మొదటిది మామూలు మందు. రెండోది భీమెరాన్. మూడోది ముందు భీమెరాన్ వేసి, తర్వాత మామూలు మందు వేసింది. సన్యాసిరావు గారు పెన్‌టార్చి పట్టుకుని, ఏ వరుస ఎవరు వీక్షించారో రాసుకోవడానికి నిలబడ్డారు.

మొదటి వరుస పచ్చగా వెలిగింది. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపల్ సెక్రటరీ గారికి మంత్రి గారి పేషీ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన గోడ వైపు తిరిగి మాట్లాడుతూ ఉండగా, ఆయన పీఏ ముందుకి వంగి చూసి బాగుందన్నట్టు తల ఊపాడు.

ఫోన్ అయ్యాక సెక్రటరీ గారు రెండో వరుస చూశారు. చీకటి. మూడో వరుస చూశారు. అదీ చీకటే.

“ఏమిటిది? నేనేం చూడాలి?” అన్నారు సెక్రటరీ గారు.

“తమరు ఏది చూస్తే అదే సార్,” అన్నారు సన్యాసిరావు గారు.

“నాకేం కనబడటం లేదే. చీకటిగా ఉంది.”

డైరెక్టర్ గారు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, శాస్త్రవేత్తలాగా ఆ చీకటి వైపు చూశారు. తర్వాత తేరుకున్నారు.

“సార్, తమరు చెప్పాక నాకూ స్పష్టంగా కనబడుతోంది. చాలా నాణ్యమైన చీకటి సార్. ఈ మందు విషయంలో నాకు మొదట్నుంచీ ఒక అనుమానం ఉంది.”

ఆ చీకటిని యంత్రానికి ఎక్కించారు. యంత్రం తడుముకోలేదు. భీమెరాన్ బెల్లు కొట్టే అవకాశం నూటికి సున్నా అంది. మానవ ప్రయోగం అక్కడికక్కడే రద్దయింది. ఒక ప్రమాదకరమైన మందుని సకాలంలో గుర్తించి ప్రజల ప్రాణాలు కాపాడినందుకు డైరెక్టర్ గారికి దండ వేశారు. వకుళ చప్పట్లు కొట్టింది. మనస్ఫూర్తిగానే కొట్టింది. ఇంటికి వెళ్ళేటప్పుడు మిఠాయి కొనుక్కుని, బస్సులోనే సగం తినేసింది.

ఆ సంతోషం సోమవారం దాకా ఉంది. సోమవారం ఉదయం నోటీసు బోర్డులో కొత్త ఉత్తర్వు చూసింది. ఉబ్బసం రోగులకి ఇచ్చే మామూలు మందు నిరుపయోగమని యంత్రం నిర్ధారించినందున, డిస్పెన్సరీలో దాని పంపిణీని తక్షణం నిలిపివేయడమైనది. మిగతా ప్రభుత్వ ఆస్పత్రులకి కూడా సిఫారసు చేయడమైనది.

ఆమె పరుగున సన్యాసిరావు గారి దగ్గరికి వెళ్ళింది.

“మామూలు మందు వెలిగిందండీ. మొదటి వరుసలో అందరూ చూశారు.”

“మొదటి వరుస చూసింది పీఏ గారు. సీనియర్ అసిస్టెంట్ కేడర్. మూడో వరుసలో కూడా మామూలు మందు వేశారు కదా? ప్రిన్సిపల్ సెక్రటరీ గారు స్వయంగా చూశారు. వెలగలేదు.”

“భీమెరాన్ అడ్డం కూర్చుంది కాబట్టి వెలగలేదండీ. ఆ సంగతి చూపించడానికే ఆ వరుస పెట్టాను.”

సన్యాసిరావు గారు రిజిస్టరు తిప్పి ఆమెకి చూపించారు. “మందు పేరుకి కాలమ్ ఉంది, వీక్షించిన అధికారికి కాలమ్ ఉంది, వెలిగిందా లేదా అన్నదానికి కాలమ్ ఉంది. ఎందుకు అన్నదానికి కాలమ్ లేదు మేడమ్.”

“మరి దీన్ని మార్చాలంటే?”

“వారికంటే సీనియర్ ఎవరైనా మొదటి వరుస చూడాలి. అంటే చీఫ్ సెక్రటరీ గారు. ఇన్విటేషన్ పెట్టుకోండి. ఈ ఏడాది డైరీ నిండిపోయిందన్నారు.”

వకుళ బయటికి వచ్చేసరికి గేటు దగ్గర జీపు బానెట్‌కి ఆనుకుని నూకరాజు నిలబడి ఉన్నాడు. కొండ ఎక్కి డిస్పెన్సరీకి వెళ్ళి, వట్టి చేతులతో దిగి వచ్చాడు. భుజాలు రెండూ ఎగసి పడుతున్నాయి. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది.

“పర్మినెంటు పోనాది అమ్మగారూ. ఇప్పుడు మందూ లేదన్నారు. ఎవలో గిట్టనోలు... పెద్దాయనకి లేనిపోనివి సూపించీసేరట. ఆల నోట్లో మన్ను పడ.”

ఆమె అతన్ని అక్కడే కూర్చోమని చెప్పి, రోడ్డు దాటి మందుల షాపుకి వెళ్ళి, మామూలు మందు కొనుక్కొచ్చి చేతిలో పెట్టింది. నూకరాజు రెండుసార్లు పీల్చాడు. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉన్నాడు. ఛాతీలో పిల్లి అరుపు ఆగింది. భుజాలు కిందికి దిగాయి. ముఖంలోకి రంగు వచ్చింది.

“ఆడుతుందమ్మా,” అన్నాడు.

మందు పనిచేసింది. ఆ సమయంలో అక్కడ ఉండి దాన్ని కళ్ళారా చూసిన అధికారి సైంటిస్ట్-బి ఒక్కతే.